రేలీన్ ఇంకా ఆరలేదు

శనివారం పొద్దున లిండ్సే పాస్కో వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాలి, షెడ్డులోకి వెళ్లాలి, పెన్నులకు ఆఖరి పూత రుద్దాలి, సాయంత్రానికల్లా అవి ఆరాలి, ఆరినవాటిని కోటు జేబులో వేసుకుని ఊరి హాలుకు వెళ్లాలి. ఇందులో మనిషి చేతిలో ఉన్న పనులన్నీ అతను సక్రమంగానే చేశాడు. ఆరడం ఒక్కటే పెన్నుల చేతిలో ఉండిపోయింది.

ఆ పెన్నులకు ఒక కథ ఉంది. పోయిన వేసవిలో టమాటా మొక్కలకు నీళ్లు పెడుతూ పెడుతూ లిండ్సే గుండె పట్టుకుని పాదుల్లోనే కూలబడ్డాడు. టాస్మేనియా కొండల్లో మాది ఒక మూల ఊరు. డన్స్ రివులెట్ అంటే పక్క ఊరివాళ్లే ఎక్కడా అని అడుగుతారు. మా అంబులెన్సుకు జీతగాళ్లు లేరు. బేకరీ రేలీన్, మాంసం కొట్టు పొట్టి, ఇంకా అలాంటివాళ్లే మరో నలుగురు, ఫోన్ మోగితే చేతిలో పని అక్కడే వదిలేసి పరిగెత్తుకొస్తారు. పొట్టి అసలు పేరు గ్రాంట్. గుమ్మం కనబడితే చాలు తల వంచుకునేంత పొడుగు కాబట్టి ఊరంతా అతన్ని పొట్టి అనే పిలుస్తుంది.

ఆ రోజు రేలీన్ లిండ్సే ఛాతీ మీద రెండు చేతులూ వేసి, రోజూ పిండి పిసికే బలమంతా పెట్టి ఒత్తింది. ఆగిన గుండె మళ్లీ కదిలింది. తీరా మోసుకెళ్దామంటే స్ట్రెచరు తోట గేటులో పట్టలేదు. పొట్టి ఒక్క క్షణం చూసి, వెళ్లి రంపం తెచ్చి, గేటు స్తంభాన్ని మొదలంటా కోసి పక్కన పడేశాడు. అది లిండ్సే వాళ్ల తాత పాతిన హ్యూవాన్ పైన్ కొయ్య. తరాల తరబడి వానలో నానినా పుచ్చలేదు, చెదలు పట్టలేదు. ఆ స్తంభం పోయింది, లిండ్సే మిగిలాడు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక అతను చేయాల్సింది ఒక్కటే. వాళ్లకు థాంక్స్ చెప్పాలి. అదే అతని వల్ల కాలేదు. స్కూలు బస్సు నడిపినన్నాళ్లూ ఆలస్యంగా వచ్చే పిల్లాడి కోసం కూడా ఓపిగ్గా ఆగిన మనిషే. కానీ ప్రేమ, మెచ్చుకోలు, కృతజ్ఞత లాంటివి నోటిదాకా వస్తే మింగేసే రకం. బేకరీకి వెళ్లి, "రేలీన్, ఆ రోజు నువ్వు లేకపోతే" అని మొదలుపెట్టి, "ఈ రొట్టె ఇవాళ్టిదేనా" అని ముగించాడు. మాంసం కొట్టుకు వెళ్లి, "పొట్టీ, ఆ స్తంభం" అన్నాడు. పొట్టి కత్తి పక్కన పెట్టి ఎదురుచూశాడు. "కాస్త పైనుంచి కోసి ఉండాల్సింది" అని చెప్పి వచ్చేశాడు. ఇంటికొచ్చి తనను తాను ఎంత తిట్టుకున్నాడో ఆడ్రీకే తెలుసు. ఆడ్రీ అతని భార్య.

"నోటితో చెప్పలేకపోతే చేత్తో చెప్పు" అంది ఆడ్రీ.

ఆ మాట పట్టుకుని లిండ్సే ఆ స్తంభాన్ని ముక్కలు చేశాడు. కొయ్యను గిరగిరా తిప్పే లేత్ మిషను మీద నాజూగ్గా తరిగి, ఒక్కొక్కరికి ఒక్కో పెన్ను చేశాడు. ఎవరిది వాళ్ల చేతికి సరిపోవాలని రేలీన్‌ది సన్నగా, పొట్టిది లావుగా. ఒక్కోదానికి దారంతో పేరు చీటీ కట్టాడు. చీటీ కట్టాక వాటిని పెన్నులని పిలవడం మానేసి, పేర్లతోనే పిలవడం మొదలుపెట్టాడు. ఆ సాయంత్రం హాలులో అంబులెన్సువాళ్లకు ఊరు విందు ఇస్తోంది. అక్కడ లిండ్సే లేచి రెండు వాక్యాలు చెప్పి పెన్నులు చేతిలో పెట్టాలి. సంగతి ఆడ్రీకి తప్ప పిట్టకు కూడా తెలియదు.

ఇక పూత సంగతి. చూడ్డానికి చాలా తేలిక. నూనె, వార్నిష్, టర్పెంటైన్ సమపాళ్లలో కలిపి, మెత్తటి గుడ్డకు అంటించి పల్చగా రుద్దాలి. రుద్దిందంతా వెంటనే తుడిచేయాలి. ఆరాక గరుకు కాగితంతో పైపైన గీకి, మళ్లీ రుద్ది, మళ్లీ తుడిచేయాలి. తుడవగా తుడవగా ఏమీ లేదనిపించేది ఏదో, అదే మిగిలి గట్టిపడుతుంది. ఇక దాని మీద వెన్న పడినా నెత్తురు పడినా చెమట పట్టినా అది చెక్కుచెదరదు. బేకరీ చేతులకూ మాంసం కొట్టు చేతులకూ అలాంటి పూతే ఉండాలని లిండ్సే పట్టుబట్టాడు. కాకపోతే హ్యూవాన్ పైన్‌కు తన సొంత నూనె తనకు ఉంది. ముందు స్పిరిట్‌తో తుడిచి ఆ నూనె తీయకపోతే పైన వేసిన పూత జిగటగా మిగిలిపోతుంది. ఈ సంగతి లిండ్సేకు బాగా తెలుసు. గుర్తొచ్చింది మాత్రం పూత వేశాక. అన్నీ గీకి మళ్లీ మొదలుపెట్టాడు. మిగతావన్నీ దారికొచ్చాయి, రేలీన్ రాలేదు.

గుడ్డ విషయంలో కూడా అతనికి పట్టింపే. పోగు రాలకూడదు, నూలు అయి ఉండాలి. అలాంటి గుడ్డ లోకంలో ఒక్కటే ఉంది. ఏళ్ల తరబడి ఉతికి ఉతికి ప్రాణం పోయిన బనీను. తన పాత బనీన్లన్నీ పేలికలుగా చింపి వాడాడు. వాడిన నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి కాబట్టి, ఒక్కొక్క పేలికనీ విడదీసి కంచె పొడుగునా ఆరేశాడు. మా ఊళ్లో షెడ్డు ఉన్న ప్రతివాళ్లకూ ఈ జాగ్రత్త తెలుసు. పక్కింటి డల్సీకి షెడ్డు లేదు.

డల్సీ మంచిది. లిండ్సే పడిపోయినప్పటి నుంచి రోజూ పొద్దున కంచె మీదుగా ఒకసారి అటు చూస్తేగాని ఆవిడకు కాఫీ దిగదు. పైగా మొన్ననే హాలులో రేలీన్ చెప్పిన పాఠానికి ముందు వరసలో కూర్చుంది. పక్షవాతం వస్తే ఎలా కనిపెట్టాలన్నది ఆ పాఠం. మూతి చూడాలి, చేతులు ఎత్తించాలి, మాట వినాలి, ఆలస్యం చేయకూడదు. అక్కడ పంచిన కార్డు డల్సీ ఫ్రిజ్ తలుపు మీద అంటించుకుంది. దాన్ని ఎవరి మీద వాడాలా అని ఆవిడ చూస్తోందని అనకూడదు గాని, చూస్తోంది.

ఆ పొద్దున డల్సీ కిటికీలోంచి చూస్తే కంచె నిండా చింపిన బనీన్లు. ఒక నిమ్మపండ్ల సంచీ సాకుగా పట్టుకుని బయల్దేరింది. షెడ్డు దగ్గరకు వచ్చేసరికి లోపలి నుంచి లిండ్సే గొంతు వినబడింది.

"రేలీన్, నీకేం రోగం చెప్పు. రాత్రంతా తీగకి వేలాడదీశానా? బల్బు కూడా పెట్టానా? ఇంకా ఆరలేదేంటి?"

డల్సీ ఆగిపోయింది.

"పొట్టీ, నువ్వు నయంరా. ఇంకొక్కసారి గీకి తుడిచేస్తే నీ పని అయిపోతుంది."

డల్సీ తలుపు తోసింది. లిండ్సే ఉలిక్కిపడ్డాడు. డల్సీ నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడ చూసిందంటే మధ్యాహ్నానికల్లా ఊరంతా చూసినట్టే. బల్బు వేడికి పెన్నులు ఆరబెట్టిన పాత బట్టల బీరువా తలుపును కాలితో తన్ని మూశాడు. చేతిలో ఉన్న రేలీన్‌ను వీపు వెనక దాచాడు. పెన్ను వేలాడదీసే తీగ కొక్కెం మాత్రం నోటి మూలన పళ్ల మధ్య అలాగే ఉండిపోయింది. చేతులు ఖాళీ లేనప్పుడు చిన్న సామాను నోట్లో పెట్టుకోవడం అతనికి మొదటి నుంచీ అలవాటు.

"లిండ్సే, బానే ఉన్నావా?"

"మానే ఉ'ఆను" అన్నాడు లిండ్సే.

మసక వెలుతురులో డల్సీకి కొక్కెం కనబడలేదు, వంకర తిరిగిన మూతి కనబడింది. ఆవిడ గుండె ఝల్లుమంది. అయినా పాఠం మరిచిపోలేదు.

"ఒకసారి నవ్వు."

"ఎమ్ముకు?"

"నవ్వు, లిండ్సే. నా కోసం."

అతను నవ్వాడు. సగమే వచ్చింది.

"ఇప్పుడు రెండు చేతులూ పైకెత్తు."

లిండ్సే ఎడమ చెయ్యి ఎత్తాడు. కుడి చెయ్యి వీపు వెనకే ఉంది.

"రెండోది కూడా."

"అగి వగ్గులే."

"ఎందుకు వద్దు? లేవట్లేదా?"

లిండ్సే అటు తిరిగి కొక్కెం ఊసేశాడు. "పనిలో ఉంది డల్సీ. నువ్వు వెళ్లు."

అతను ఆవిడతో ఎన్నడూ అంత కటువుగా మాట్లాడలేదు. డల్సీ ఒకడుగు ముందుకేసింది. "కంచె మీద ఆ బనీన్లేంటి?"

"ఆరేశాను. లేకపోతే తగలబడతాయి."

"బనీన్లు తగలబడతాయా?"

"ఉండచుడితే."

డల్సీ జాలిగా తలాడించి, గొంతు బాగా తగ్గించి అడిగింది. "రేలీన్ ఎక్కడుంది లిండ్సే?"

దొంగకు తేలు కుట్టినట్టయింది. "రేలీనా? ఏ రేలీను? ఇక్కడ రేలీనెవరూ లేరే."

డల్సీ ఇక ప్రశ్నలు వేయలేదు. బయటికొచ్చి ముందు ఆడ్రీకి ఫోన్ చేసింది. ఆడ్రీ పొద్దున్నే విందు పనికి హాలుకు వెళ్లింది, ఆవిడ ఫోను వంటింటి కిటికీలో మోగింది. తర్వాత అంబులెన్సుకు చేసింది.

సైరన్ వినబడగానే లిండ్సే, పాపం ఎవరికో ఏమైందో అనుకున్నాడు. అది తన గేటులోకే తిరిగింది. ఆ గేటుకు ఇప్పుడు ఒకే స్తంభం ఉంది కాబట్టి ఎక్కడా ఆగకుండా వచ్చేసింది. రేలీన్ మోచేతుల దాకా పిండితో, పొట్టి నెత్తుటి మరకల ఏప్రానుతో దిగారు. పొట్టి తల వంచి షెడ్డులోకి వచ్చేలోపు లిండ్సే చేతిలోని తడి పెన్నును చొక్కా లోపలికి తోసేశాడు.

"ఏం పెద్దాయనా, మళ్లీ మా మీద బెంగ పెట్టుకున్నావా?" అన్నాడు పొట్టి. మాట సరదాగానే ఉంది గాని వేళ్లు అప్పటికే లిండ్సే నాడి మీద ఉన్నాయి.

"నాకేం కాలేదు. చూడండి, చేతులు. మూతి." లిండ్సే రెండు చేతులూ ఎత్తి, నిండుగా నవ్వాడు.

"ఇందాక వంకరగా ఉంది" అంది డల్సీ. "ఒట్టు."

"వచ్చిపోయేది ఇంకా ప్రమాదం" అంది రేలీన్. "పెద్దది రాబోయే ముందు చిన్నది అలా వచ్చి పోతుంది."

లిండ్సే నవ్వడం మానేశాడు. మానేయగానే రేలీన్ అతని మూతి వైపు మరింత అనుమానంగా చూసింది.

"ఇవాళ ఏ వారం?" అడిగాడు పొట్టి.

"శనివారం."

"ప్రధానమంత్రి ఎవరు?"

"మార్చారా మళ్లీ?"

"అది కొట్టేయ్" అన్నాడు పొట్టి రేలీన్‌తో. "దానికి నేను కూడా తడుముకుంటాను."

రేలీన్ గాలి పీల్చింది. "ఈ టర్పెంటైన్ వాసనేంటి? ఏదైనా తాగావా?" ఆమె కళ్లు బీరువా మీద పడ్డాయి. తలుపు సందులోంచి బల్బు వెలుతురు వస్తోంది. "ఆ బీరువాలో ఏముంది?"

"నిన్ను అందులో వేలాడదీశానన్నాడు" అంది డల్సీ. "పొట్టిని గీకుతానన్నాడు. నా చెవులతో విన్నాను."

పొట్టి, రేలీన్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రేలీన్ బీరువా వైపు కదిలింది. లిండ్సే అడ్డంగా వెళ్లి రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. బీరువా తెరిస్తే ఇన్ని నెలలు దాచుకున్నదంతా ఈ నిమిషంలో పోతుంది. తెరవనివ్వకపోతే మతి పోయిందంటారు. లిండ్సే కాసేపు ఆలోచించి, "సరే, ఆసుపత్రికి పదండి, వస్తాను" అన్నాడు. "షెడ్డుకు తాళం వేసి పోదాం."

రేలీన్ మొహంలో రంగు మారింది. వేసవిలో ప్రాణం పోతూ ఉండి కూడా, టమాటాలకు నీళ్లు పెట్టడం కాలేదు, నేను రాను అని గొడవపెట్టిన మనిషి. అడక్కుండానే వస్తానన్నాడు.

"స్ట్రెచరు" అంది పొట్టితో, పెదవులు కదిలీ కదలకుండా.

పట్నం దారి అంతా మలుపులు. పొట్టి నడుపుతున్నాడు. వెనక లిండ్సేను పట్టీలతో బిగించి రేలీన్ పక్కన కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది. కిటికీలోంచి శీతాకాలపు మంచు కొండలు వెనక్కి పోతున్నాయి. చొక్కాలో తడి పెన్ను ఛాతీకి అంటుకుని చురచురలాడుతోంది. రేలీన్ గోళ్ల సందుల్లో పిండి ఎండిపోయి ఉంది.

"పొయ్యిలో రొట్టెలు పెట్టి వచ్చావా?" అన్నాడు లిండ్సే.

"పెట్టాను."

"మాడిపోతాయిగా."

"మాడనీ."

అంత తేలిగ్గా అనేసింది. శనివారం పొద్దుటి బేరం అంటే బేకరీకి వారంలో సగం. అవతల మాంసం కొట్టు ముందు జనం వరస కట్టి ఉంటారు, పొట్టి ఇక్కడ మలుపులు తిప్పుతున్నాడు. తను ఇన్ని నెలలు ఒక పెన్ను మీద పూత గీకుతూ, రుద్దుతూ, దాచుతూ కూర్చున్నాడు. వీళ్లు మాత్రం ఫోన్ రాగానే రెండోసారి కూడా పరిగెత్తుకొచ్చారు. సాయంత్రం విందుకు తను ఎలాగూ ఉండడు. ఆ థాంక్స్ ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పనే చెప్పడు.

"రేలీన్" అన్నాడు. "ఆ రోజు నీ చేతులు నా గుండె మీద లేకపోతే నేను ఈ చలికాలం చూసేవాణ్ణి కాదు. పొద్దున లేచి ఆడ్రీ టీ కాచే చప్పుడు విన్నప్పుడల్లా నువ్వే గుర్తొస్తావు. ఎప్పట్నుంచో చెప్పాలనుకుంటున్నాను, నోరు రాలేదు. థాంక్స్ తల్లీ."

రేలీన్ అతని చెయ్యి వదిలేసింది. ముందుకు వంగి అద్దం మీద కొట్టింది. "పొట్టీ."

"ఏంటి?"

"థాంక్స్ అంటున్నాడు."

"ఎవరు, లిండ్సేనా?"

"నాతోనే. తల్లీ అని కూడా అన్నాడు. కళ్లలో నీళ్లు."

"సైరన్ వేస్తున్నా" అన్నాడు పొట్టి.

"నిజంగానే అంటున్నాను" అన్నాడు లిండ్సే. "పొట్టీ, నీక్కూడా. స్తంభం గురించి ఆ రోజు నేనన్నది తప్పు. నువ్వు సరిగ్గా కోయాల్సిన చోటే కోశావు."

"క్షమాపణ కూడా" అంది రేలీన్. బండి వేగం పెరిగింది.

"మాట్లాడకు పెద్దాయనా, అలిసిపోతావు. నేనున్నానుగా." రేలీన్ అతని నుదురు నిమిరింది. లిండ్సే కళ్లు మూసుకున్నాడు. జన్మలో మొదటిసారి మనసులో మాట బయటపెడితే దాన్ని రోగం కింద రాసుకున్నారు.

ఆసుపత్రిలో గుండెకు తీగలు తగిలించాలని నర్సు చొక్కా గుండీలు విప్పింది. చొక్కా రాలేదు. గట్టిగా లాగితే లిండ్సే కేక పెట్టాడు. చివరికి కత్తెరతో కోసి చూస్తే, ఛాతీ వెంట్రుకల మధ్య పసుపుపచ్చటి కొయ్య గొట్టం ఒకటి అతుక్కుపోయి ఉంది. దానికి దారం, దారానికి చీటీ. నర్సు చీటీ చదివింది.

"రేలీన్ అంటే మీ ఆవిడా?"

"కాదు" అన్నాడు లిండ్సే.

సరిగ్గా అప్పుడే తలుపు దగ్గరకు ఆడ్రీ వచ్చింది. డల్సీ హాలుకు పరిగెత్తి, చెప్పీ చెప్పకుండా ఆమెను కారులో వేసుకుని తీసుకొచ్చింది. ఆడ్రీ చేతులకు ఇంకా వెన్న ఉంది. దారంతా ఏడ్చిన కళ్లతో ఆమె లోపలికొచ్చి మొగుడి గుండె మీది చీటీ చూసింది, అతని మొహం చూసింది, నర్సు చేతిలోని కత్తెర చూసింది. అంతా అర్థమైంది. గోడకు చేరబడి, "ఓరి నీ పెన్నులు తగలెయ్య" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు.

తర్వాత ఆమే చెప్పింది. బీరువాలో ఎవరెవరు వేలాడుతున్నారో, పొట్టిని ఎందుకు గీకాలో, బనీన్లు ఎందుకు తగలబడతాయో అన్నీ. డల్సీ కుర్చీలో కూలబడి, "అయితే మూతి?" అంది.

"కొక్కెం" అన్నాడు లిండ్సే.

"చెయ్యి?"

"రేలీన్."

పొట్టి నవ్వు వరండా దాటి వినబడింది. రేలీన్ మాత్రం నవ్వలేదు. ఆ కొయ్య గొట్టాన్ని చేతిలోకి తీసుకుని వాసన చూసింది. టర్పెంటైన్ కింద నుంచి తియ్యటి వాసన ఇంకొకటి వచ్చింది. పొట్టి వైపు చాపింది. పొట్టి కూడా వాసన చూశాడు, చూసి నవ్వు ఆపేశాడు.

"ఇది నేను కోసిందే" అన్నాడు మెల్లిగా, ఎవరితోనూ కాదు.

పూత మీద చొక్కా నూగు అంటుకుని ఉంది, నాలుగైదు తెల్ల వెంట్రుకలు కూడా. లిండ్సే సిగ్గుతో చెయ్యి చాపాడు. "ఇలా ఇవ్వు. గీకేసి మళ్లీ వేస్తాను. ఇలా ఉంటే ఏం బాగుంటుంది."

"ముట్టుకున్నావంటే వేళ్లు విరుస్తా" అంది రేలీన్. "ఇది ఆరుతుందా ఆరదా?"

"ఆరుతుంది. నిదానంగా. ఆరాక ఇక దేనికీ పోదు."

"అయితే వెంట్రుకలతోనే ఉండనీ" అని ఆమె దాన్ని పిండి అంటిన జేబులో భద్రంగా పెట్టుకుంది. "ఇందాక బండిలో అన్నదంతా నిజంగానే అన్నావా?"

"నిజంగానే."

"నేను నీకు సైరన్ వేయించాను."

"వేయించావు" అన్నాడు లిండ్సే. ఇద్దరూ కాసేపు కిటికీలోంచి కార్లు నిలిపే చోటు వైపు చూశారు. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు.

ఇక ఇంటికి వెళ్లిపోవడమే అనుకున్నారు. ఆడ్రీ నర్సుకు క్షమాపణ చెప్పింది, పొట్టి బండి తాళాలు తీశాడు. డల్సీ తలెత్తకుండా, "నా కార్డు చింపేస్తాను" అంది. అప్పుడు డాక్టర్ లియాంగ్ గుండె గీతలున్న పొడవాటి కాగితం పట్టుకుని లోపలికొచ్చింది. చిన్న పిల్లలా ఉంది గాని మొహం పెద్దదానిలా పెట్టుకుంది.

"ఎక్కడికి బయల్దేరారు?"

"ఇంటికండీ" అంది ఆడ్రీ. "ఆయనకేం లేదు. అంతా పొరపాటు."

"పొరపాటు లేదు" అంది డాక్టరు. "మీ ఆయన గుండె మధ్య మధ్యలో లయ తప్పుతోంది. మనిషికి తెలియదు. అలా తప్పినప్పుడు లోపల రక్తం గడ్డ కడుతుంది, అది మెదడుకు ఎక్కిందంటే పక్షవాతమే. ఇవాళ తీగలు తగిలించకపోతే మాకూ తెలిసేది కాదు. రక్తం పలచబరిచే మాత్రలు మొదలుపెడతాం, ఇక్కడే ఉండాలి." కాగితం మడిచి చుట్టూ చూసింది. "పక్షవాతమని ఫోన్ చేసిందెవరు?"

అందరూ డల్సీ వైపు తిరిగారు. డల్సీ నిమ్మపండ్ల సంచీ ఇంకా ఒళ్లోనే పట్టుకుని ఉంది.

"మీరు చెప్పింది తప్పేం కాదు" అంది డాక్టరు. "కాస్త ముందుగా చెప్పారంతే."

లిండ్సే డల్సీ వైపు చూశాడు. ఆవిడ కోసం అతను ఏ పెన్నూ చేయలేదు. ఏ చీటీ మీదా ఆవిడ పేరు రాయలేదు. పొద్దున వెళ్లిపో అని కసిరాడు. చేతికి ఇవ్వడానికి ఏమీ లేనివాడికి నోరొక్కటే మిగిలింది.

"డల్సీ" అన్నాడు.

"చెప్పకు" అంది డల్సీ ముక్కు తుడుచుకుంటూ. "మళ్లీ సైరన్ వేస్తారు."

"వేసుకోనీ. థాంక్స్ డల్సీ. రోజూ కంచె మీదుగా చూస్తావే, అందుకు కూడా. నాకు తెలుసు నువ్వు చూస్తావని. నువ్వు చూస్తున్నావని ధైర్యంగా ఉండేది."

డల్సీ సంచీలోకి చెయ్యి పెట్టి ఒక నిమ్మపండు తీసి అతని చేతిలో పెట్టింది. ఆ సమయానికి ఆవిడకు ఇంకేమీ తోచలేదు.

విందు తర్వాతి శనివారానికి వాయిదా పడింది. పెన్నులన్నీ ఆరాయి, ములుకులు బిగించారు, ఎవరిది వాళ్ల చేతికి సరిగ్గా సరిపోయింది. రేలీన్‌ది వెంట్రుకలతోనే ఆరింది. బేకరీలో ఆమె దాన్ని ఎవరికీ ఇవ్వదు. అడిగితే, ఇది మనిషితో సహా వచ్చింది అంటుంది. లిండ్సే లేచి నిలబడ్డప్పుడు అందరూ జాలిగా చూశారు, రెండు వాక్యాలే కదా అని సర్దుకున్నారు. కానీ ఆనకట్ట ఒకసారి తెగాక నీళ్లు ఆగుతాయా. అంబులెన్సువాళ్లకు చెప్పాడు, డల్సీకి చెప్పాడు, చీటీ చదివిన నర్సుకు చెప్పాడు, స్తంభం పాతిన తాతకు చెప్పాడు, తన బస్సుకు ఎదురొచ్చి ఎన్నడూ గుద్దని పాలబండివాడికి కూడా చెప్పాడు. మటన్ రోస్టు చల్లారింది, ఎవరూ కదల్లేదు. పొట్టి తల వంచుకుని కూర్చున్నాడు, అక్కడ గుమ్మమేమీ లేదు. కూర్చోబోయే ముందు లిండ్సే అందరినీ మరొకసారి చూసి, బతికి ఉండటం చాలా బాగుందని చెప్పాడు. చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది.

తిరిగి వెళ్లేటప్పుడు కారులో అతని మనసు దూదిపింజలా ఉంది. సీటులో వెనక్కి వాలి, "ఎవర్నీ మర్చిపోలేదనుకుంటా" అన్నాడు.

ఊరందరికీ రెండు శనివారాల్లో రెండుసార్లు వంట చేసిన ఆడ్రీ, ఇల్లు వచ్చేదాకా రోడ్డు మీంచి చూపు తిప్పకుండా కారు నడిపింది.